స్థానిక ప్రభుత్వ మేనేజర్లకు ఎట్‌విల్ ఉద్యోగ విధానం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని నగరాలు, కౌంటీలు తమ మేనేజర్లను, శాఖాధిపతులను, కారణం లేకుండా తొలగించకుండా కాపాడే సివిల్ సర్వీస్ రక్షణ నుంచి తప్పించి ఎట్‌విల్ ఉద్యోగులుగా మార్చాలని ఆలోచించినప్పుడు కౌన్సిల్ సభ్యులకు, ఆ పదవుల్లో ఉన్నవారికి, పన్ను కట్టే పౌరులకు కలిగే సందేహాలకు ఇవి సమాధానాలు. అక్కడి స్థానిక సంస్థల్లో తెలుగువారు ఉద్యోగులుగానూ, ఎన్నికైన సభ్యులుగానూ ఉంటున్నందున ఈ వివరాలు తెలుగులో ఉండడం అవసరమనిపించింది. చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది కనుక, తీర్మానం రాసే ముందు నగర న్యాయవాదిని సంప్రదించక తప్పదు.

ఎట్‌విల్ ఉద్యోగం అంటే ఏమిటి?

యజమాని గాని ఉద్యోగి గాని, కారణాన్ని రుజువు చేయవలసిన పని లేకుండా, ఎప్పుడైనా ఉద్యోగ బంధాన్ని ముగించుకోగలిగే ఏర్పాటును ఎట్‌విల్ అంటారు. అమెరికా ప్రైవేటు రంగంలో ఇదే సాధారణ నియమం. మోంటానా రాష్ట్రం మాత్రం 1987లో చేసిన చట్టంతో, ప్రొబేషన్ దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తొలగించరాదని నిర్దేశించింది. ప్రభుత్వ పత్రాల్లో ఇదే భావాన్ని ‘కౌన్సిల్ అభీష్టం మేరకు పదవిలో కొనసాగుతారు’ అన్న వాక్యంతో చెబుతారు.

ఈ విధానం గురించి జరిగే వాదోపవాదాల్లో సగం ఒక అపోహ నుంచి పుడతాయి. ఎట్‌విల్ వల్ల యజమానికి తప్పే బరువు ఒక్కటే: తొలగింపునకు కారణం ఉందని నిరూపించవలసిన బరువు. వివక్షను నిషేధించే చట్టాలు, భావప్రకటన స్వేచ్ఛ, ఒప్పందంలో రాసుకున్న హామీలు ఎక్కడివక్కడే ఉంటాయి.

ప్రైవేటు కంపెనీలో ఒక్క మాటతో జరిగేది నగర ప్రభుత్వంలో ఇంత చర్చ ఎందుకవుతుంది?

నగర ప్రభుత్వం కూడా ప్రభుత్వమే కాబట్టి రాజ్యాంగం దానికి వర్తిస్తుంది. చట్టబద్ధ ప్రక్రియ లేకుండా ఎవరి ఆస్తినీ హరించరాదని 14వ సవరణ చెబుతుంది. ఉద్యోగం కూడా కొన్ని పరిస్థితుల్లో ఆస్తి అవుతుందని సుప్రీంకోర్టు 1972లో రోత్, సిండర్‌మన్ కేసుల్లో వివరించింది. ఉద్యోగం కొనసాగుతుందన్న ఆశ ఒక్కటే సరిపోదు. రాష్ట్ర చట్టమో, ఆర్డినెన్సో (కౌన్సిల్ చేసే స్థానిక చట్టం), ఒప్పందమో, కనీసం సంస్థలో స్థిరపడిన అవగాహనో ఆ ఆశకు ఆధారంగా ఉండాలి.

1985 నాటి లౌడర్‌మిల్ తీర్పు ఈ రంగంలో పనిచేసే వారందరి నోటా వినిపించే పేరు. క్లీవ్‌లాండ్ విద్యామండలిలో పనిచేసిన ఒక సెక్యూరిటీ గార్డు, తనకు గతంలో పడిన శిక్షను దరఖాస్తులో చూపలేదన్న కారణంతో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది పెద్ద నేరం కిందికి రాదనుకున్నానని చెప్పుకొనే అవకాశం అతనికి తొలగింపుకు ముందు దొరకలేదు. కారణం ఉంటేనే తొలగించాలన్న రక్షణ గల ఉద్యోగికి, తొలగించక ముందే ఆరోపణలు తెలిపి, ఆధారాలు వివరించి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు తేల్చింది. కాలిఫోర్నియాలో ఇలాంటి నియమమే అంతకు పదేళ్ల ముందు, 1975లో, స్కెలీ కేసులో వచ్చింది. అందుకే అక్కడి కార్యాలయాల్లో ఈనాటికీ ‘స్కెలీ విచారణ’ అనే అంటారు.

దీనికి రెండో పార్శ్వం 1976 నాటి బిషప్ కేసు. నార్త్ కరోలినాలోని మేరియన్ పట్టణంలో సిటీ మేనేజర్ ఒక పోలీసు ఉద్యోగిని తొలగించారు. పట్టణ ఆర్డినెన్సును పైపైన చదివితే ఆ ఉద్యోగికి రక్షణ ఉన్నట్టే కనిపిస్తుంది. అయినా రాష్ట్ర చట్టం ప్రకారం అతను నగర అభీష్టం మేరకే పదవిలో ఉన్నాడని, కాబట్టి అతనికి ఆస్తి హక్కు లేదని సుప్రీంకోర్టు 5–4 తేడాతో తీర్పునిచ్చింది. ఒక ఆర్డినెన్సులోని పదాల అర్థం గురించి తొమ్మిది మంది న్యాయమూర్తులు అలా చీలిపోయారంటే, ఆ పదాలను రాసేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

సిటీ మేనేజర్ పదవి ఎలాగూ ఎట్‌విల్ కదా, మరి కొత్త విధానం ఎవరి కోసం?

నిజమే, కౌన్సిల్–మేనేజర్ పద్ధతి పుట్టుకలోనే ఈ అంశం ఉంది. వర్జీనియాలోని స్టాంటన్ 1908లో జనరల్ మేనేజర్‌ను నియమించుకుంది. సౌత్ కరోలినాలోని సమ్టర్ 1912లో, ఒహాయోలోని డేటన్ ఆ వెంటనే ఈ బాట పట్టాయి. ఎన్నికైన కౌన్సిల్ విధానాన్ని నిర్ణయిస్తుంది, వృత్తి నిపుణుడైన మేనేజర్ అమలు చేస్తాడు, నచ్చకపోతే కౌన్సిల్ అతన్ని మారుస్తుంది అన్నది ఇందులోని మూల సూత్రం. ప్రజలు నేరుగా ఎన్నుకోని వ్యక్తి చేతిలో అంత అధికారం పెట్టినప్పుడు, అతన్ని తప్పించే అధికారం ఎన్నికైనవారి చేతిలో ఉండడమే ప్రజాస్వామ్యానికి పూచీ. కాలిఫోర్నియా సాధారణ చట్టం కింద నడిచే నగరాల్లో, కౌన్సిల్ నియమించే అధికారులు కౌన్సిల్ అభీష్టం మేరకు కొనసాగుతారని ‘గవర్నమెంట్ కోడ్’ అనే రాష్ట్ర చట్టంలోనే రాసి ఉంది.

కొత్త విధానం గురించిన చర్చ సాధారణంగా ఆ కింది మెట్టు గురించి: సహాయ మేనేజర్లు, ఆర్థిక, ప్రజాపనుల, ప్రణాళిక, సిబ్బంది శాఖల అధిపతులు, కొన్నిచోట్ల పోలీసు, అగ్నిమాపక అధిపతులు. చాలా ఊళ్లలో వీరు కింది నుంచి పదోన్నతులతో ఎదిగి వచ్చినవారు కావడంతో, గుమాస్తాకు ఉన్న సివిల్ సర్వీస్ రక్షణే వీరికీ కొనసాగుతూ వచ్చింది. దాని ఫలితం విడ్డూరంగా ఉంటుంది: మేనేజర్‌ను కౌన్సిల్ ఒక్క సమావేశంలో తప్పించగలదు, ఆ మేనేజర్ మాత్రం తన ఆదేశాన్ని అమలు చేయని శాఖాధిపతిని కదిలించడానికి నెలల తరబడి విచారణ నడపాలి.

ఏ స్థాయి వరకు వర్తింపజేయాలి?

ఇక్కడే నగరాలు ఎక్కువగా తప్పటడుగు వేస్తాయని నా అభిప్రాయం. పదవి పేరులో ‘మేనేజర్’ అన్న మాట ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తి విధాన నిర్ణేత కాడు. నీటి శుద్ధి కేంద్రంలో షిఫ్టు చూసే సూపర్‌వైజర్‌ను, భవన నిర్మాణ అనుమతుల విభాగంలో నిబంధనల ప్రకారం సంతకం పెట్టే అధికారిని ఎట్‌విల్ చేస్తే, కౌన్సిల్‌కు జవాబుదారీతనం పెరగదు. పలుకుబడి గల బిల్డరు ఫోను చేసినప్పుడు ‘కుదరదు’ అనగలిగే మనిషి మాత్రం ఒకరు తగ్గుతారు. 1881లో అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను పదవి దక్కలేదన్న అక్కసుతో ఒకడు కాల్చిన తరువాత, 1883లో పెండిల్టన్ చట్టం వచ్చిందే ఇలాంటి అధికారులను రాజకీయ ఒత్తిడికి దూరంగా ఉంచడానికి.

కాబట్టి ప్రతి పదవికీ కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఈ అధికారి కౌన్సిల్ విధానాన్ని రూపొందించడంలో పాలుపంచుకుంటారా? మేనేజర్‌కు నేరుగా జవాబు చెబుతారా? రహస్య సమాలోచనల్లో ఉంటారా? సమాధానం అవునైతే ఎట్‌విల్ సమంజసం. చట్టం విధించిన పరీక్షలు, తనిఖీలు, ఆడిట్లు నిష్పాక్షికంగా చేయడమే ఆ పదవికి ప్రాణమైతే, ఎంత పెద్ద జీతమైనా రక్షణ ఉంచడమే మేలు.

ఇప్పటికే పదవుల్లో ఉన్నవారి సంగతి?

ఇది అన్నిటికంటే చిక్కు ప్రశ్న. శాసన ప్రక్రియ ద్వారా వచ్చిన రక్షణను శాసన ప్రక్రియ ద్వారానే మార్చవచ్చునన్నది సాధారణ సూత్రమైనా, చార్టర్ (నగరపు మూల నియమావళి) ఏం చెబుతోంది, యూనియన్ ఒప్పందం ఉందా, ఆ మార్పు నిజానికి ఒకే వ్యక్తిని గురి చేసుకుని తెచ్చిందా అన్న ప్రశ్నలు కోర్టులో తప్పక వస్తాయి. చార్టర్‌లో ఉన్న రక్షణను ఆర్డినెన్సు తీసివేయలేదు. చార్టర్ సవరణకు సాధారణంగా ఓటర్ల ఆమోదం కావాలి.

అందువల్ల ఆచరణలో మూడు దారులు కనిపిస్తాయి. కొత్తగా చేరేవారికి మాత్రమే వర్తింపజేయడం మొదటిది. దీనిలో వివాదం తక్కువ, ఫలితం కనపడడానికి ఏళ్లు పడుతుంది. పదోన్నతి కోరుకున్నవారు రక్షణ వదులుకుంటున్నట్టు సంతకం చేయడం రెండోది. ఇందులో ఒక మెలిక ఉంది: పదోన్నతి పొందిన చోట ఇమడకపోతే పాత రక్షిత పదవికి తిరిగివెళ్లే హక్కు ఉంటుందా, ఉంటే ఎంతకాలం అన్నది ముందే రాసుకోకపోతే, సమర్థులైన లోపలి అభ్యర్థులు దరఖాస్తే చేయరు. జీతం పెంపునో, సెవరెన్స్ (తొలగించినప్పుడు చెల్లించే పరిహారం) హామీనో ఇచ్చి, ఉన్నవారిని స్వచ్ఛందంగా మారమని కోరడం మూడోది. ఈ మూడో దారిలో ఉద్యోగి తన న్యాయవాదితో మాట్లాడుకోవడానికి తగిన గడువివ్వాలి. శుక్రవారం సాయంత్రం కాగితం చేతిలో పెట్టి సోమవారానికల్లా సంతకం కావాలంటే, అది స్వచ్ఛందమని ఏ న్యాయమూర్తినీ ఒప్పించడం తేలిక కాదు.

రాష్ట్ర ప్రభుత్వాలు ఇలాంటి మార్పు చేసిన అనుభవం ఉందా?

ఉంది. జార్జియా 1996 జూలై 1 తరువాత రాష్ట్ర ప్రభుత్వంలో చేరేవారిని రక్షణ లేని వర్గంలో పెట్టింది. అప్పటికే ఉన్నవారు ఆ పదవిలో ఉన్నంతకాలం పాత రక్షణ నిలబెట్టుకున్నారు. ఫ్లోరిడా 2001లో మరో దారి పట్టి, సుమారు 16,000 మంది మేనేజర్లను, సూపర్‌వైజర్లను కూర్చున్న కుర్చీలోనే ఎట్‌విల్ వర్గానికి మార్చింది. అరిజోనా 2012లో కొత్తవారితో పాటు పర్యవేక్షక పదవులను కూడా ఈ కోవలోకి తెచ్చింది. ఇవన్నీ రాష్ట్ర సర్వీసులకు సంబంధించినవి. నగరం వీటి నుంచి నేర్చుకోవచ్చు గాని, ఆ చట్టాలను చూపి తన ఉద్యోగులను మార్చలేదు.

విధానపత్రంలో ఏయే మాటలు ఉండాలి?

పదవుల జాబితా పేరు పేరునా ఉండాలి. ‘మేనేజ్‌మెంట్ ఉద్యోగులు’ అని గంపగుత్తగా రాసి వదిలేస్తే, ఎవరు అందులోకి వస్తారన్నదే మొదటి దావా అవుతుంది. ఈ పదవుల్లోని వారిని కారణంతో గాని, కారణం లేకుండా గాని, నోటీసుతో గాని, నోటీసు లేకుండా గాని తొలగించవచ్చునని, తొలగింపుపై సివిల్ సర్వీస్ మండలికి అప్పీలు ఉండదని సూటిగా చెప్పాలి. తొలగించే అధికారం కౌన్సిల్‌దా, మేనేజర్‌దా అన్నది కూడా రాయాలి. చాలా చార్టర్లు శాఖాధిపతుల విషయంలో కౌన్సిల్ సభ్యులు జోక్యం చేసుకోరాదని నిషేధిస్తాయి.

ఆ తరువాత చేయవలసిన పని విసుగు పుట్టించేది, అయినా అదే ముఖ్యం: పాత కాగితాలన్నీ తిరగేయడం. సిబ్బంది నిబంధనల పుస్తకంలో ఎక్కడో ‘ప్రొబేషన్ ముగిసిన తరువాత శాశ్వత ఉద్యోగి అవుతారు’ అని, క్రమశిక్షణ అధ్యాయంలో ‘సరైన కారణం ఉంటేనే చర్య’ అని మిగిలిపోయి ఉంటాయి. నియామక ఉత్తర్వులోనూ, ఉద్యోగ ప్రకటనలోనూ, వార్షిక మదింపు ఫారంలోనూ అవే మాటలు తిరుగుతుంటాయి. కొత్త ఆర్డినెన్సు ఒకటి చెబుతుంటే, ఉద్యోగి చేతిలోని పుస్తకం మరొకటి చెబితే, ఉద్యోగి తరఫు న్యాయవాది ఆ పుస్తకాన్నే కోర్టుకు తీసుకువెళతారు. ఎట్‌విల్ ఉద్యోగికి ప్రొబేషన్ అన్న మాటే పొసగదు. అది కనిపించిన ప్రతిచోటా కొట్టివేయాలి.

సెవరెన్స్ ఇవ్వాలా? ఎంత?

చట్టం ఇవ్వమనదు, వివేకం ఇమ్మంటుంది. ఊరు మారి, పిల్లల బడులు మార్చి వచ్చే మేనేజర్, మూడు ఓట్లు అటూ ఇటూ అయితే పోయే ఉద్యోగానికి రావాలంటే కొంత భరోసా అడుగుతాడు. మేనేజర్ల ఒప్పందాల్లో ఆరు నెలల నుంచి ఏడాది జీతం వరకు తరచుగా కనిపిస్తుంది; శాఖాధిపతులకు అంతకంటే తక్కువ ఉంటుంది. భరోసా ఉన్న మేనేజర్ కౌన్సిల్‌కు నచ్చని నిజాన్ని కూడా చెప్పగలడు, అది నగరానికి దక్కే లాభం.

అయితే గరిష్ఠ పరిమితులున్నాయి. ఫ్లోరిడాలో ప్రభుత్వ సంస్థల ఒప్పందాల్లో సెవరెన్స్ 20 వారాల జీతం మించరాదు, దుష్ప్రవర్తనకు తొలగిస్తే అసలే ఇవ్వరాదు. కాలిఫోర్నియాలో స్థానిక సంస్థల ఒప్పందాలకు సాధారణ పరిమితి 18 నెలల జీతం, ఒప్పందంలో మిగిలిన కాలం అంతకంటే తక్కువైతే ఆ కాలానికి మాత్రమే. ఆ రాష్ట్రంలోనే 2010లో, లాస్ ఏంజెలెస్ కౌంటీలోని చిన్న నగరం బెల్‌లో, మేనేజర్ రాబర్ట్ రిజోకు ఏటా దాదాపు 8 లక్షల డాలర్ల జీతం ముడుతోందని బయటపడింది. 2014లో ఆయనకు 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ కుంభకోణం తరువాత వచ్చిన చట్టం ప్రకారం, పదవీ దుర్వినియోగ నేరం రుజువైతే తీసుకున్న సెవరెన్స్ సొమ్మును తిరిగి చెల్లించాలన్న షరతు ఒప్పందాల్లో ఉండి తీరాలి. కౌన్సిల్ సభ్యులు ఒప్పందాన్ని ఆమోదించే ముందు మొత్తం ఖర్చును బహిరంగ సమావేశంలో అంకెలతో చదివి వినిపించడం మంచి అలవాటు.

సెవరెన్స్‌కు బదులుగా దావా వేయనని ఉద్యోగి చేత రాయించుకోవడం పరిపాటి. ఆ ఉద్యోగికి 40 ఏళ్లు నిండి ఉంటే, వయోవివక్ష హక్కును వదులుకునే పత్రాన్ని పరిశీలించడానికి 21 రోజులు, సంతకం చేశాక మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇవ్వాలని 1990 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది.

ఎట్‌విల్ అయితే ఏ కారణంతోనైనా తొలగించవచ్చునా?

తొలగించరాదు. జాతి, మతం, లింగం, వయసు, వైకల్యం కారణాలుగా ఉండకూడదు. పౌరహక్కుల చట్టంలోని ఉద్యోగ వివక్ష నిషేధం 1972 నుంచి రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకూ వర్తిస్తుంది. అక్రమాలను బయటపెట్టినందుకు కక్ష తీర్చుకోకూడదు. పౌరుడిగా ప్రజా ప్రయోజన విషయంపై మాట్లాడిన ఉద్యోగికి 1968 నాటి పికరింగ్ తీర్పు కొంత రక్షణ ఇస్తుంది; విధి నిర్వహణలో భాగంగా చెప్పిన మాటకు ఆ రక్షణ లేదని 2006లో గార్సెట్టి తీర్పు గీత గీసింది. మేనేజర్లు మాట్లాడే మాటల్లో ఎక్కువ భాగం విధి నిర్వహణలోవే కాబట్టి ఈ గీత వారికి గట్టిగా తగులుతుంది.

పార్టీ సంగతి వేరు. 1976లో ఎల్‌రాడ్, 1980లో బ్రాంటీ కేసుల్లో, కేవలం పార్టీ అనుబంధం కారణంగా తొలగించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది; ఆ పదవిని సమర్థంగా నిర్వహించడానికి పార్టీ అనుబంధం అవసరమని ప్రభుత్వం చూపగలిగితే మాత్రం మినహాయింపు ఉంది. ‘ఎట్‌విల్’ అని రాసుకున్నంత మాత్రాన ఈ పరీక్ష తప్పిపోదు.

తొలగించేటప్పుడు కారణం చెప్పాలా, మౌనంగా ఉండాలా?

న్యాయవాదులు మౌనమే సూచిస్తారు, దానికి కారణముంది. మిస్సోరీలోని ఇండిపెండెన్స్ నగరంలో 1972లో పోలీసు అధిపతిని సిటీ మేనేజర్ ఏ కారణమూ చెప్పకుండా తొలగించారు. కాని ఒక కౌన్సిల్ సభ్యుడు సమావేశంలో ఆయనపై తీవ్ర ఆరోపణలు చేయడం, దర్యాప్తు నివేదికలను పత్రికలకు విడుదల చేయాలని కౌన్సిల్ తీర్మానించడం జరిగాయి. తన పేరుకు పట్టిన మచ్చను కడుక్కునే విచారణ దొరకలేదని ఆ అధిపతి దావా వేశారు. 1980లో కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, సదుద్దేశంతో చేశామన్న వాదన నగరాన్ని కాపాడదని కోర్టు తేల్చింది. ఆస్తి హక్కు లేని ఉద్యోగికి కూడా, బహిరంగంగా కళంకం అంటగట్టి తొలగించినప్పుడు, ఆ పేరు నిలబెట్టుకునే అవకాశం ఇవ్వాలన్నది ఇందులోని అంశం. ముందు చెప్పిన మేరియన్ ఉద్యోగికి కారణాలను ఏకాంతంగా చెప్పారు, బయటికి పొక్కనివ్వలేదు; ఆ నగరం గెలవడంలో అది కూడా పనిచేసింది.

కౌన్సిల్ సభ్యులకు దీని అర్థం తేలికే: ఓటు వేసిన రాత్రి ఫేస్‌బుక్‌లో గాని, విలేకరితో గాని ఆ అధికారి గురించి ఏమీ అనకూడదు. నగరం లోపల మాత్రం, నిర్ణయానికి దారితీసిన అసలు కారణాన్ని తేదీతో సహా ఫైలులో రాసి ఉంచుకోవాలి. రేపు వివక్ష ఆరోపణ వస్తే జవాబు అక్కడే దొరకాలి.

ఎన్నికలు కాగానే కొత్త కౌన్సిల్ అందరినీ మార్చేయదా?

ఆ భయం నిరాధారం కాదు. అందుకే చాలా నగరాల ఆర్డినెన్సుల్లో, కొత్త సభ్యులు వచ్చిన 90 రోజుల వరకు మేనేజర్‌ను తొలగించరాదన్న నిబంధన ఉంటుంది. ఆ వ్యవధిలో కొత్త సభ్యులు ప్రచారంలో విన్న మాటను పక్కనపెట్టి, మనిషి పనిని కళ్లతో చూస్తారు. ఇదే గడువును శాఖాధిపతులకు వర్తింపజేస్తే మేనేజర్ చేతులు కట్టేసినట్టవుతుంది కాబట్టి అది అనవసరం.

యూనియన్ ఉన్న మేనేజర్లను ఏకపక్షంగా మార్చవచ్చునా?

సామూహిక బేరసారాల చట్టం ఉన్న రాష్ట్రాల్లో మార్చలేరు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో 1968 నాటి చట్టం ప్రకారం నగరం ముందు యూనియన్‌తో సమావేశమై, మనస్ఫూర్తిగా సంప్రదింపులు జరపాలి. అక్కడ మధ్యస్థాయి మేనేజర్లకు సొంత సంఘాలు ఉండడం మామూలే.

హెచ్1బీ వీసాపై నగరంలో పనిచేసే మేనేజర్‌కు ఎట్‌విల్ వల్ల అదనపు ఇబ్బంది ఉందా?

నగరాల ఐటీ, ఇంజనీరింగ్ విభాగాల్లో మనవాళ్లు ఎదుర్కొనే ప్రశ్న ఇది. వీసా వల్ల ఉద్యోగ భద్రత పెరగదు, తగ్గదు. కాని ఉద్యోగం పోయిన నాటి నుంచి దేశంలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధే ఉంటుంది, అది కూడా అనుమతి గడువు అంతకంటే ముందే ముగియకపోతే. గడువుకు ముందే తొలగించిన యజమాని స్వదేశానికి తిరుగు ప్రయాణపు సహేతుకమైన ఖర్చు ఇవ్వాలి. ఇలాంటివారు ఎట్‌విల్ పత్రంపై సంతకం చేసే ముందు సెవరెన్స్ మొత్తం కంటే నోటీసు కాలాన్ని ఎక్కువ పట్టుబట్టి అడగాలి. జీతంపై ఉన్న రెండు నెలల నోటీసు, చేతికొచ్చిన నాలుగు నెలల సొమ్ము కంటే వారికి విలువైనది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మునిసిపల్ కమిషనర్‌తో దీన్ని పోల్చవచ్చునా?

పేరులో పోలిక ఉంది గాని అమరికలో లేదు. మన కమిషనర్‌ను రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది. పాలకవర్గానికి ఆయనను ఉద్యోగం నుంచి తీసేసే అధికారం లేదు, పొసగనప్పుడు జరిగేది బదిలీ. భారత రాజ్యాంగం 310వ అధికరణం ‘అభీష్టం’ అన్న మాటనే వాడినా, వెంటనే 311వ అధికరణం విచారణ జరిపి, సంజాయిషీకి సహేతుకమైన అవకాశం ఇవ్వనిదే తొలగించరాదని కట్టడి చేస్తుంది. మూడు నెలల నోటీసుతో శాశ్వత ఉద్యోగిని పంపించే ఒక ప్రభుత్వ సంస్థ నిబంధనను మన సుప్రీంకోర్టు 1986లో బ్రజోనాథ్ గంగూలీ కేసులో కొట్టివేసింది. భారతదేశపు అలవాటుతో అమెరికాకు వచ్చిన అధికారి ‘విచారణ లేకుండా ఎలా తీస్తారు’ అని అడగడం సహజమే. అమెరికాలో ఆ ప్రశ్నకు జవాబు ఆయన సంతకం చేసిన కాగితంలో ఉంటుంది.

తీర్మానం ఆమోదించే రోజున ఏం గమనించాలి?

పదవుల జాబితా, సవరించిన సిబ్బంది నిబంధనలు, ఒప్పంద నమూనా, కొత్త నియామక పత్రం, ఈ నాలుగూ ఒకే సమావేశంలో కౌన్సిల్ ముందుకు రావాలి. ఒకటి ఈ నెల, మరొకటి వచ్చే ఏడాది అని వాయిదా వేస్తే, ఆ మధ్యకాలంలో నియమితులైనవారు ఏ వర్గంలోకి వస్తారో ఎవరూ చెప్పలేరు. అమల్లోకి వచ్చే తేదీని తీర్మానంలోనే రాసి, ఆ తేదీకి ముందే ప్రకటన వెలువడిన ఉద్యోగాలకు పాత నిబంధనా, కొత్త నిబంధనా అన్నది కూడా అందులోనే తేల్చాలి.